మాటు వేయు విద్య

ఇంటిలో ఒక వస్తువు విరిగినయెడల ఆ యింటివారు మొదట దేనికొఱకు చేయి చాతురు? పనిముట్టు కొఱకా, డబ్బుసంచి కొఱకా? ఈ ప్రశ్నకు వచ్చు ప్రత్యుత్తరమును బట్టి ఆ యింటి స్థితిని, అట్టి యిండ్లు కూడిన యూరి స్థితిని, అట్టి యూళ్ళు కూడిన దేశపు స్థితిని చాలవఱకు చెప్పవచ్చును. నేడు మేము ప్రస్తావింపబూనిన విషయము చాల చిన్నది. చెవులలో పెట్టుకొని వినెడి హెడ్‌ఫోను తీగ చివర, సెల్‌ఫోనులో గ్రుచ్చు ప్లగ్గు విరుగుటయు, దాని లోపలి తీగ తెగుటయు, దానిని ఇంటిలోనే బాగుచేసికొనుటయు మా విషయము. సంపాదకీయపు పుట కిది తగునా యని కొందఱు నవ్వవచ్చును. నవ్వుటకు ముందు తమ యింటి బల్లసొరుగు నొకసారి తెఱచి చూడుడు. ఒక చెవి మాత్రమే పలుకునవి, తీగను మెలిపెట్టి పట్టుకొన్నగాని పలుకనివి, బొత్తిగా మూగవోయినవి, రెండో మూడో హెడ్‌ఫోనులు చిక్కుపడి కనబడకపోవు.

మా నిజామాబాదు జిల్లాలో ఈ వస్తువును విలాసవస్తువని త్రోసివేయుటకు వీలులేదు. ఆర్మూరు నుండి కమ్మర్‌పల్లి మీదుగా మెట్‌పల్లికి పోవు రహదారి ప్రక్కనున్న గ్రామములనుండి ఎందఱో గల్ఫు దేశములకు పోయి కూలి చేయుచున్నారు. దుబాయిలోనో, మస్కటులోనో, దమ్మాములోనో పగలెల్ల ఎండలో పనిచేసిన మగడు రాత్రి ఫోను చేసినప్పుడు, అత్తమామలును ఆడుబిడ్డలును కూర్చున్న యింటిలో ఆ మాటను తానొక్కతె వినుటకు ఇల్లాలికి ఈ తీగ తప్ప వేఱు చాటు లేదు. చేటలో తునికాకు పెట్టుకొని ప్రొద్దుననుండి ప్రొద్దుగ్రుంకువఱకు బీడీలు చుట్టెడి యాడువారి చేతులకు తీఱిక లేదు. చెవులకు మాత్రమే కలదు. 2020 లో కరోనా వ్యాధివలన బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుండి సర్కారు బడుల పాఠములు టెలివిజనులోను ఫోనులోను చెప్పబడినప్పుడు, ఒకే గదిలో ఇద్దఱు ముగ్గురు పిల్లలు వేఱువేఱు తరగతులు వినవలసివచ్చెను. ఆ దినములలో ఈ తీగ తెగిన యింటిలో ఒక పిల్లవాని చదువు తెగినట్లే యయ్యెను.

ఇంత యక్కఱగల వస్తువు చెడినప్పుడు మన మేమి చేయుచున్నాము? పాతది పాఱవైచి క్రొత్తది కొనుచున్నాము. చెవికి పలుకు డబ్బీలు రెండును బాగుండును, గజము పైచిలుకు తీగ బాగుండును, మైకు బాగుండును. చెడినది చిటికెనవ్రేలి గోరంత భాగము. గోరు విరిగినదని చేయి తీయించుకొను వాడు లోకములో లేడు. ఈ వస్తువుల విషయమున మాత్రము మన మందఱము సంకోచము లేకుండ అట్టి పనియే చేయుచున్నాము. ఇది యనవసరమనియు, ఈ మరమ్మతు పదునైదేండ్ల బాలుడో బాలికయో ఒక సాయంకాలములో నేర్వదగిన పనియనియు, దానిని నేర్పుట మన పఠనమందిరముల విధియనియు మా యభిప్రాయము.

ఈ మాట ఇతరులకు చెప్పుట ఒకయెత్తు, కమ్మర్‌పల్లి వారికి చెప్పుట ఒకయెత్తు. ఆ యూరి పేరులోనే కమ్మరి యున్నాడు. ఆ మండలములోని కోనసముద్రము గ్రామమున ఒకప్పుడు మట్టిమూసలలో ఇనుమునుంచి, మూతులు మెత్తి, బొగ్గుల కొలిమిలో రేయింబవళ్ళు కాచి, నెమ్మదిగా చల్లార్చి ఉక్కుబిళ్ళలు తీయుచుండిరి. త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసిన హెన్రీ వాయ్సీ అను ఆంగ్లేయుడు ఈ పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము, అతని మరణానంతరము 1832 లో బంగాళ ఆసియా సంఘపు పత్రికలో అచ్చుపడెను. పారసీక దేశపు ఇస్పహాను పట్టణమునుండి వర్తకులు ఇంతదూరము వచ్చి ఈ ఉక్కును కొనిపోవుచుండిరి. డమాస్కసు కత్తులని లోకము మెచ్చిన కత్తులకు దక్షిణాపథపు ఉక్కే మూలద్రవ్యము. మన 'ఉక్కు' అను మాటయే ఐరోపావారి నోట 'వూట్జు' అయ్యెనని పండితు లందురు.

ఇచ్చట ఒక చిత్రమైన సంబంధము కలదు. లండను నగరమున ఒక కమ్మరి కుమారుడు, మైకేలు ఫారడే, 1819 లో ఈ హిందూదేశపు ఉక్కును పరీక్షించి ఫలితములను ప్రకటించెను. పిమ్మట స్టోడార్టు అను కత్తుల పనివానితో కూడి అట్టి యుక్కును తాను చేయుటకు యత్నించెను. ఆ ఫారడేయే 1821 లో, విద్యుత్తు పాఱుచున్న తీగ అయస్కాంతము చుట్టు తిరుగునట్లు చేసి చూపెను. నేడు మన చెవిలోని డబ్బీలో, అయస్కాంతముదరి నుంచిన సన్నని తీగచుట్ట విద్యుత్తు పాఱినప్పుడెల్ల కదలి, తన కంటియున్న పలుచని పొరను కదలించి శబ్దము పుట్టించుటకు మూలసూత్ర మదియే. మన కొలుముల ఉక్కును చూచి అబ్బురపడిన చేతులే మన చెవిలో పలుకు యంత్రమునకు పునాది వేసినవి. ఆ చేతులు కూడ కమ్మరి యింట పుట్టినవే.

కోనసముద్రపు కొలుములు చల్లారినవి. విలాయతి కర్మాగారముల ఉక్కు చవుకగా దిగినపిమ్మట ఆ పనివారి విద్య నడుగువారు లేకపోయిరి. ఈ జిల్లాలోనే బోధనులో 1937 లో స్థాపింపబడిన నిజాము చక్కెర కర్మాగారపు యంత్రములు 2015 లో నిలిచిపోయి, చెఱకు రైతులును కార్మికులును దిక్కుతోచనివారైరి. పెద్ద యంత్రములను నడపుటయు నిలుపుటయు సామాన్యుని చేతిలో లేనిపని యగుగాక. చేతిలో పట్టు వస్తువుపై కూడ మనకు చేయి లేకపోవుట మాత్రము ఎవరును మనపై విధింపనిది. అలవాటువలన మనము తెచ్చిపెట్టుకొన్నది.

ఇక వస్తువును చూతము. ఈ ప్లగ్గు మొదట టెలిఫోను స్విచ్చిబోర్డులలో పుట్టినది. పందొమ్మిదవ శతాబ్దపు చివర టెలిఫోను కచ్చేరీలలో ఒకరి తీగను మఱొకరి తీగతో కలుపుటకు పావంగుళము లావుగల ప్లగ్గును వాడుచుండిరి. దానిని కుదించి చేసినదే నేటి మూడున్నర మిల్లీమీటర్ల ప్లగ్గు. ఇది ట్రాన్సిస్టరు రేడియోలలో చేరి, 1979 లో సోనీ వారి వాక్‌మనుతో లోకమంతట వ్యాపించెను. హెడ్‌ఫోను చరిత్రయును ఇట్టిదే. అమెరికాలోని యూటా రాష్ట్రమున నథానియేలు బాల్డ్విను అను నతడు 1910 ప్రాంతమున తన యింటి వంటగదిలో హెడ్‌ఫోనులు చేసి ఆ దేశపు నౌకాదళమునకు అమ్మెను. వంటగదిలో చేయబడిన వస్తువును వంటగదిలో బాగుచేయరాదను శాస్త్ర మెచ్చటను లేదు.

ప్లగ్గుకడ్డీని వెలుతురులో పెట్టి చూడుడు. దానిపై సన్నని వలయములు కలవు. వలయములు రెండైన లోహభాగములు మూడు. వలయములు మూడైన భాగములు నాలుగు. కొస ఎడమచెవికి పోవును. దాని వెనుక ఉంగరమువంటి భాగము కుడిచెవికి పోవును. మూడు భాగముల ప్లగ్గులో మిగిలినది రెండుచెవులకు ఉమ్మడిగా విద్యుత్తు తిరిగివచ్చు దారి. నాలుగు భాగముల ప్లగ్గు మైకుగల హెడ్‌ఫోనుల కుండును. అందు నేటి ఫోనులలో చాలవాటికి మూడవ భాగము ఉమ్మడి, నాలుగవది మైకు. పాత ఫోనులు కొన్నిటిలో ఈ రెండును తారుమారుగ నుండును. ఇంతకు మించిన మర్మము ఇందులో లేదు.

మఱి ఇది ఎందుకు చెడును? తీగ నడుమ తెగుట అరుదు. మెత్తని తీగ గట్టి ప్లగ్గును కలియుచోటనే మడతలన్నియు పడును. ఫోనును జేబులో పెట్టుకొని కూర్చున్నప్పుడు, తీగను పట్టి లాగినప్పుడు, ఫోనుచుట్టు బిగించి చుట్టినప్పుడు ఆ యొక్కచోటనే ఒత్తిడి. లోపలి రాగిపోగులు తలవెండ్రుకలంత సన్ననివి. పదే పదే వంగి ఒక్కొక్కటిగా తెగును. అందుచేతనే మొదట కదల్చిన పలుకుట, పిమ్మట ఒక చెవి పోవుట, తుదకు మూగవోవుట జరుగును.

బాగుచేయు క్రమ మిది. మొదట రోగనిర్ణయము కావలయును. అదే ఫోనులో మఱొక హెడ్‌ఫోను పెట్టి చూడుడు. అదియును పలుకనిచో దోషము ఫోనుది. తఱచుగా ఆ రంధ్రములో దూదియు దుమ్మును చేరియుండును. రెండవది పలికినచో మొదటిదాని తీగను ప్లగ్గుదరి మెల్లగా అటునిటు వంపుడు. శబ్దము వచ్చిపోవుచున్నయెడల తెగినచోటు తెలిసినట్లే. ఎలక్ట్రానికు సామానుల దుకాణములో విడిప్లగ్గు దొరకును. దాని ఖరీదు రెండుమూడు కప్పుల చాయ ఖరీదును మించదు. మరతో విప్పుకప్పు గలదానిని, పాతదానికి ఎన్ని భాగములో అన్నియే గలదానిని అడిగి తెచ్చుకొనుడు. ఇరువదియైదు వాట్ల సోల్డరింగు ఐరను, సన్నని సోల్డరుతీగ, ఒక బ్లేడు, చిన్న పట్టుకారు, వీలున్న మల్టీమీటరు కావలయును. ఇవి యొకసారి కొన్న ఏండ్లతరబడి యుండునవి.

పాత ప్లగ్గునకు ఒక యంగుళము పైన తీగను కత్తిరింపుడు. తెగిన పోగులు ఆ యంగుళములోనే పోవును. క్రొత్త ప్లగ్గుకప్పును విప్పి ఇప్పుడే తీగపై ఎక్కింపుడు. ఈ మాటను మేము గట్టిగా చెప్పుచున్నాము. మాటు వేసినపిమ్మట కప్పు ఎక్కదు, పని నేర్చినవారు సైతము దీనిని మఱచి వేసిన మాటును విప్పుకొనుచుందురు. పిమ్మట పైతొడుగును అరంగుళము మేర జాగ్రత్తగా ఒలిచిన లోపల మూడో నాలుగో ఐదో సన్నని తీగలు కానవచ్చును. సాధారణముగా ఎఱ్ఱది కుడిచెవిది, పచ్చదో నీలమో ఎడమచెవిది, రాగివన్నెది ఉమ్మడిది. కాని రంగుల విషయమున కంపెనీలకు ఏకవాక్యత లేదు. మల్టీమీటరును ఓములకొలతలో పెట్టి రెండు తీగల నంటించిన, జత సరియైనప్పుడు పదియాఱో ముప్పదిరెండో, ఆ దరిదాపుల సంఖ్య కనబడును. అదేసమయమున చెవిడబ్బీలో 'టిక్కు'మను చిన్నశబ్దము వినబడును. ఏ డబ్బీ పలికినదో ఆ తీగ ఆ చెవిది.

అనేకులు విఫలులగుచోటు తరువాత వచ్చును. ఈ పోగులు బోసిరాగి కావు. వాటిపై లక్కవంటి రంగుపూత కలదు. ఒకదాని నొకటి తాకుచున్నను విద్యుత్తు కలిసిపోకుండ కాచునది ఆ పూతయే. దానిని తీయనిదే మాటు పట్టదు. సోల్డరింగు ఐరను కొనపై ఒక సోల్డరుబొట్టు కరగించి, తీగకొసను ఆ బొట్టులో నాలుగైదు క్షణము లుంచి మెల్లగా లాగుడు. పూత కాలిపోయి, తీగకు వెండివలె మెఱయు పొర పట్టును. మన వీధులలో తిరుగుచుండిన కళాయివాడు ఇత్తడిగిన్నెకు చేసిన పని యిదియే. మనము గిన్నెకు బదులు వెండ్రుకవంటి తీగకు చేయుచున్నాము. రాగితోపాటు బలముకొఱకు నూలువంటి పోగులు కలిసియుండినచో వాటిని కత్తిరించివేయుడు.

ఇట్లు కళాయి పట్టిన తీగలను ప్లగ్గులోని తమ తమ రేకులకు మాటు వేయవలయును. ముందు రేకును కాచి దానికి కొంచెము సోల్డరు పట్టించి, పిమ్మట తీగనుంచి తాకింపుడు. రెండుమూడు క్షణములలో పని ముగియవలయును. ఎక్కువసేపు కాచిన లోపలి ప్లాస్టికు కరగి భాగములు ఒకదాని నొకటి తాకును. సోల్డరు గట్టిపడువఱకు చేయి కదల్పరాదు. మంచిమాటు నున్నగా మెఱయుచుండును. మసకగా బుడిపెవలె నున్నది కచ్చామాటు. కప్పు బిగించుటకు ముందు ఫోనులో పెట్టి వినుడు. అన్నియు సరియైనచో, ప్లగ్గువెనుక నుండు రేకుచేతులను పట్టుకారుతో తీగ పైతొడుగుచుట్టు నొక్కుడు. ఇక తీగను లాగిన ఆ లాగుడు తొడుగుపై పడునుగాని మాటుపై పడదు. పిమ్మట కప్పు బిగించి, ఆ మెడకు వేడికి ముడుచుకొను ప్లాస్టికుగొట్టము తొడిగినయెడల మొదటిదానికన్న బలమైన వస్తువు చేతికి వచ్చును.

జాగ్రత్తలు కొన్ని కలవు. సోల్డరులో సాధారణముగా సీసము కలిసియుండును. కావున కిటికీ తెఱచి పనిచేయవలెను, పొగ పీల్చరాదు, పని ముగియగనే చేతులు కడుగక ఏమియు తినరాదు. కాగిన ఐరను పసిపిల్లలకు అందునట్లు పెట్టరాదు. మాటు వేయునప్పుడు తీగ ఫోనులో గ్రుచ్చియుండరాదు. ప్లగ్గుకొస విరిగి ఫోనులోనే చిక్కుకొన్నచో సూదులతో పొడువక తెలిసిన పనివాని కీయుడు. తీగలేని చెవిగుండీల లోపల లిథియము బ్యాటరీ యుండును. దానిని కాచినను పొడిచినను మంట లేచు ప్రమాదము కలదు. వాటిజోలికి ఇంటిలో పోవలదు. తన చేతికి లోబడినది ఏదో, లోబడనిది ఏదో తెలిసికొనుట పనివిద్యలో మొదటి పాఠము.

దీనికి వచ్చు ఆక్షేపణలను మే మెఱుగుదుము. నూఱురూపాయల వస్తువునకు గంటసేపు శ్రమ యెందుకు, ఆ గంటలో అంతకన్న నెక్కువ గడింపవచ్చునుగదా యని లెక్కలవారి వాదము. మొదటి ప్లగ్గు విషయమున ఈ లెక్క సరియైనదే. ఐరను ఖరీదును, చెడగొట్టిన ప్లగ్గు ఖరీదును కలుపుకొన్న క్రొత్తది కొనుటయే చవుక. కాని నేర్చిన చేయి ఒక ప్లగ్గుతో ఆగదు. చార్జరుతీగ, టార్చిలైటు, పిల్లల బొమ్మ, రేడియో, ఇవన్నియు ఆ కళాయికిని ఆ మాటుకును లోబడునవే. ఈతకు తగిన ఖరీదెంతయని ఎవ్వరును అడుగరు. ఏఱు దాటవలసివచ్చిన దినమున అది తెలియును.

రెండవ ఆక్షేపణను ఎవ్వరును నోటితో చెప్పరు. కాని బలమైనది అదియే. చదువుకొన్నవాడు పనిముట్టు పట్టుట చిన్నతనమను భావము మనలో ఇంకను పోలేదు. కమ్మరి, కంచరి, కంసాలి, వడ్రంగి మొదలగువారి చేతివిద్యను కులమునకు కట్టివేసితిమి. పుస్తకవిద్యను వేఱొకచోట కట్టివేసితిమి. చేతికి తెలిసినది పుస్తకమునకు ఎక్కలేదు. పుస్తకములో నున్నది చేతికి దిగలేదు. కోనసముద్రపు పనివారి రహస్యము వారితోనే పోయి, దానిని తెలిసికొనుటకు నేటి పండితులు బూడిదకుప్పలలో మూసపెంకులు ఏఱుకొనవలసివచ్చెను. మా న్యాయవాదుల తెగను చూడుడు. ఆస్తిహక్కును గూర్చి మూడుగంటలు వాదింపగలము. మన ఆస్తియైన వస్తువు మూత విప్పవలసివచ్చిన మాత్రము బస్‌స్టాండుదరి సెల్‌ఫోను దుకాణములో కూర్చున్న పిల్లవాని ముందు నిలుతుము. ఆ పిల్లవానికి మేము నమస్కరించుచున్నాము. ఊరి కమ్మరిపీటపై నేడు కూర్చున్నవాడు అతడే. అతని విద్యను చిన్నచూపు చూచుట మానవలయును.

తప్పు జనులదే యని మేము చెప్పము. వస్తువులు చేయువారి భాగము అంతకంటె పెద్దది. విడిభాగము అమ్మకుండుట, మరలకు బదులు జిగురు పెట్టి అతికించుట, పటమును దాచుట నేటి వర్తకనీతి. 2016 లో ఆపిలు కంపెనీ తన ఐఫోను 7 లో ఈ ప్లగ్గు రంధ్రమునే తీసివేసెను. పిమ్మట పెక్కు కంపెనీలు ఆ దారినే పోయినవి. తీగయుండినంతకాలము సామాన్యుడు దానిని విప్పి మాటు వేసికొనగలడు. తీగ పోయి, జిగురుతో మూసిన బ్యాటరీ వచ్చినపిమ్మట ఆ వస్తువునకు ఆయుర్దాయము నిర్ణయింపబడినట్లే. కొన్నవాడు సొంతదారుడా, అద్దెదారుడా యను ప్రశ్న ఇచ్చట పుట్టుచున్నది.

న్యాయము ఈ ప్రశ్నను బొత్తిగా విస్మరింపలేదు. 2014 ఆగస్టు 25 న భారత పోటీ కమీషను పదునాలుగు మోటారుకారు కంపెనీలపై 2,544 కోట్ల రూపాయల జుల్మానా విధించెను. విడిభాగములను, దోషము కనుగొను పరికరములను స్వతంత్రులైన పనివారికి అందనీయక మరమ్మతును తమ గుప్పిటిలో పెట్టుకొనుట వారిపై మోపబడిన నేరము. అప్పీళ్ళు నడచినను, బాగుచేయు హక్కును అడ్డగించుట అన్యాయమను మాట ఒక న్యాయపీఠమునుండి వెలువడెను. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ ఈ హక్కును విచారించుటకు ఒక సంఘము నేర్పఱచి, ఆ సంవత్సరము డిసెంబరు 24 న ఒక పోర్టలు తెఱచెను. సంతోషమే. కాని కంపెనీలు తమంత తాము సమాచార మిచ్చుట వేఱు, ఈయకున్న శిక్ష గల శాసనము వేఱు. ఫ్రాన్సు దేశములో 2021 జనవరినుండి కొన్ని వస్తువులపై, బాగుచేయుటకు ఎంత యనుకూలమో తెలుపు అంకెను పదికి ఇన్నియని అచ్చువేయవలెనను చట్టము కలదు. ఐరోపా సమాఖ్య 2024 లో బాగుచేయు హక్కుపై ఒక నిర్దేశము చేసెను. మన దేశములోను అట్టి శాసనము కావలయునని అడుగుటకు మనకు హక్కు కలదు.

అడుగుటకు పరదేశపు దృష్టాంతమే యక్కఱలేదు. 1929 లో అఖిల భారత చరఖా సంఘము మేలైన రాట్నమును కల్పించినవానికి లక్షరూపాయల బహుమానము ప్రకటించెను. దాని నియమములను నేటి వర్తకులు చదువవలయును. యంత్రము ఖరీదు 150 రూపాయలు మించరాదు. ఇరువదియేండ్లు ఆగకుండ పనిచేయవలెను. ఏటేట బాగుచేయు ఖర్చు దాని ఖరీదులో నూటికి ఐదు మించరాదు. ఫ్రాన్సు చట్టమునకు తొంబది యేండ్లకు ముందే, బాగుచేసికొనుటకు వీలులేని యంత్రము బీదవానికి యంత్రమే కాదని మనవారు తీర్మానించియుండిరి. హెడ్‌ఫోనుకును ఈ కొలబద్దయే పెట్టుడు.

పాఱవైచిన వస్తు వెచ్చటికి పోవుచున్నదను ప్రశ్న మిగిలినది. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024 లో వెలువరించిన లెక్కప్రకారము 2022 లో లోకమంతట 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానికు చెత్త పుట్టెను. అందులో క్రమపద్ధతిని సేకరించి తిరిగి వాడుకలోనికి తెచ్చినది నూటికి 22.3 వంతులు మాత్రమే. మిగిలినది గోతులలోను, చెఱువుగట్లపైనను, రాగికొఱకు తీగలను కాల్చు బీదల ఊపిరితిత్తులలోను చేరుచున్నది. మన దేశములో 2023 ఏప్రిలు 1 నుండి ఈ చెత్తపై క్రొత్త నియమములు అమలులోనికి వచ్చినవి. నియమము చెత్త పుట్టినపిమ్మట పనిచేయును. మాటు చెత్త పుట్టకుండ చేయును.

కావున మా సూచన యిది. ప్రతి పఠనమందిరమును, ప్రతి యువజన సంఘమును ఒక పనిముట్ల పెట్టె నుంచవలయును. సోల్డరింగు ఐరను, సోల్డరుతీగ, పట్టుకారు, మల్టీమీటరు, పది విడిప్లగ్గులు అందులో చాలును. వారమున కొక సాయంకాలము, పని తెలిసిన యొకరు కూర్చుండవలెను. ఊరివారు విరిగినవి తెచ్చి ఇచ్చి పోరాదు. ప్రక్కన కూర్చుండి తమ చేతితోనే బాగుచేసికొని పోవలెను. హాలెండు దేశపు ఆంస్టర్‌డాము నగరమున 2009 అక్టోబరులో మార్టిన్ పోస్ట్‌మా అను స్త్రీ ఇట్టి కూటమి నారంభించెను. అది నేడు పెక్కు దేశములకు వ్యాపించినది. మనకు అంతకన్న సులభము. గ్రంథాలయోద్యమమువలన ఊరికొక గది సంపాదించుకొన్న జాతి మనది. ఆ గదిలో పుస్తకముల బీరువాప్రక్కన ఒక పెట్టెకు చోటు లేకపోదు. సెల్‌ఫోను దుకాణపు పిల్లవానిని అచ్చటికి గురువుగా పిలుచుడు. కుర్చీ వేసి కూర్చుండబెట్టుడు. అతని గంటకు తగిన ప్రతిఫల మీయుడు. అతని జీవనోపాధి దీనివలన చెడునను భయము వలదు. బాగుచేయించుకొను బుద్ధి పెరిగిన యూరిలో పనివానికి పని పెరుగును.

ఆడువారిని ఈ కూటమునకు తప్పక పిలువవలయును. ఈ పని మగవారిదే యను నియమ మెచ్చటను లేదు. కంటి కానని పోగును పట్టి, చీల్చి, చుట్టి, కొస మడచుటలో బీడీ చుట్టు వ్రేళ్ళను మించిన వ్రేళ్ళు మా జిల్లాలో లేవు. ఆ వ్రేళ్ళకు ఒక సోల్డరింగు ఐరను అందించిన ఏమగునో ఇంతవఱకు ఎవ్వరును పరీక్షింపలేదు.

విరిగినదానిని మరల నిలుపుకొనగలమను నమ్మకము చేతివ్రేళ్ళనుండి మనస్సునకు ఎక్కును. అది యెక్కినవాడు చెడిన రోడ్డును, చెడిన కాలువను, చెడిన పాఠశాలను చూచి ఇది యింతేయని ఊరకుండడు. ఎచ్చట తెగినదో వెదకును. చదువరులారా, ఈ యాదివారము మీ బల్లసొరుగు తెఱవుడు. మూగవోయిన తీగ నొకదానిని వెలికి తీయుడు. ఒక అంగుళము కత్తిరింపుడు. కప్పును మాత్రము ముందుగా ఎక్కించుట మఱవకుడు.